నెగిటివ్ మిగలని బొమ్మ

కిందటి నెల విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల దుకాణంలో కెమెరా ఒకటి చేతికి తీసుకున్నాను. పైనుంచి తొంగి చూసి ఫొటో తీసే పాతకాలపు రోల్ కెమెరా. పనిచేస్తుందని చూపించడానికి దుకాణదారు అడుగున ఉన్న కొక్కెం తిప్పాడు. వెనక రేకు తలుపు టక్కున తెరుచుకుంది. లోపల్నుంచి పాత తోలు వాసన, కొంచెం తుప్పు వాసన వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా నేను ఆ చప్పుడు వినలేదు. వినగానే, యాభై ఏళ్ల కిందట కళింగపట్నం ఇసుకలో, పొద్దున పదకొండు గంటల ఎండలో, ఫొటోగ్రాఫరు పైడిరాజు గారు అలాంటి కొక్కేన్నే తిప్పిన రోజు గుర్తొచ్చింది.

ఆ రోజు కెమెరాని ఆయన నా దగ్గర లాక్కోలేదు. చెయ్యి చాపితే నేనే ఇచ్చాను. ఆయన తలుపు తెరిచి, చుట్టుకుని ఉన్న ఫిలింని నల్ల కాగితంతో సహా చివరిదాకా బయటికి లాగి, రెండు చేతులా సాగదీసి ఎండకి పట్టారు. ఆ రోల్‌లో పన్నెండు ఫొటోలు పడతాయి. అప్పటికి ఏడు అయ్యాయి. ఆరు ముందురోజు నరసన్నపేట హైస్కూలు కొత్త గదుల ప్రారంభోత్సవానివి. ఏడోది, నేను తీసింది, పది అడుగుల దూరంలో నిలబడి చూస్తున్న ఒక ఆడమనిషిది. పైడిరాజు గారు ఆవిడ దగ్గరకి నడిచి ఫిలిం ఆవిడ చేతికి ఇచ్చారు.

"సూసుకో అమ్మా. ఇందులో ఇంకేటీ లేదు."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ నల్ల కాయితంలో ఉండిపోదు గదా బాబూ?"

"అది ఉత్త కాయితం. కావాలంటే పొయ్యిలో ఎట్టుకో."

ఆవిడ ఫిలింనీ కాగితాన్నీ ఉండలా చుట్టి గంపలో పడేసుకుంది. నాకు కోపం వచ్చింది. సిగ్గు కూడా వేసి ఉండాలి, కానీ అది తెలియడానికి చాలా రోజులు పట్టింది.

అప్పటికి నేను నరసన్నపేటలో ఒక దినపత్రికకి విలేకరిని. ఇరవై నాలుగేళ్లు. వార్తలు కవరులో పెట్టి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాణ్ని, తొందరైతే తంతి కొట్టేవాణ్ని. ఫొటో పంపితే దాన్ని అచ్చుకి లోహపు బ్లాకు చేయించి వేసేవారు, అదీ నెలకి ఒకటో రెండో. నాకు కెమెరా లేదు. ఆ ఫొటోల కోసం పైడిరాజు గారి స్టూడియోకి వెళ్లడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి ఫొటో పని లేకపోయినా వెళ్లడం అలవాటైంది. నేను ఆయన్ని మావా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడూ అనేవారు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మా వైపు అలా పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు.

స్టూడియో పెద్ద రోడ్డు మీద, బియ్యం కొట్ల వరసలో చివరిది. ముందు గదిలో కొండా జలపాతం గీసిన తెర, దాని ముందు చేతులున్న చెక్క కుర్చీ. వెనక చీకటి గది. ఆ రెంటికీ మధ్య గోడ నిండా అరలు, అరల నిండా కాగితం కవర్లు, కవర్లలో నెగిటివ్‌లు. అప్పట్లో మా జనం దృష్టిలో అసలు ఫొటో ఉండేది స్టూడియోలోనే. ఇంటికి తెచ్చుకునేది దాని కాపీ. పెళ్లి ఫొటోకి చెదలు పట్టిందనో, ఏరు పొంగినప్పుడు నానిపోయిందనో, పోయినవాళ్ల బొమ్మ పెద్దది చేసి అద్దం కట్టించాలనో, ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చేవారు. ఫలానా ఏడు ఎద్దుల సంతకి వచ్చినప్పుడు దిగామని చెబితే చాలు, ఆయన నిచ్చెన వేసుకుని అరలో చెయ్యి పెట్టేవారు. వచ్చినవాళ్లు పినతండ్రి కొడుకో మేనమామో అయితే చాలు, కాపీ వేసి ఇచ్చేవారు. ఎవరూ అదేమిటని అడిగేవారు కాదు. ఒక్క సంగతి మాత్రం నాకు వింతగా ఉండేది. కవర్ల మీద పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. ఆ అంకెలకి అర్థం ఆయనకి ఒక్కరికే తెలుసు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మందు నీళ్లలో నాని నాని చేతిగోళ్లు గోధుమరంగుకి తిరిగాయి. మాట మెల్లిగా వచ్చేది, అందులో ఎకసెక్కం కలిసి వచ్చేది. మా పత్రికలో తన ఫొటో మొదటిసారి పడిన రోజు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "బాగుంది అల్లుడూ. ఈ కలెక్టరుగారిని వాళ్లావిడ సూస్తే ఎవులీ మనిషని అడుగుతాది," అన్నారు.

అరవైల చివర్లో, ఏ ఏడో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను, గుంటూరు వైపు నుంచి ఒక డాక్టరు గారు మా ప్రాంతానికి వచ్చారు. కుష్ఠు నివారణ పని ఆయనది. మా వైపు ఆ జబ్బుని పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. వారానికి ఒకరోజు కళింగపట్నంలో, ఓడలు వచ్చే కాలం నాటి ఒక పాడుబడ్డ గిడ్డంగిలో కూర్చుని మందిచ్చేవారు. జ్వరానికీ దగ్గుకీ కూడా అక్కడే చూసేవారు. ఎవరు దేనికి వచ్చారో పక్కవాళ్లకి తెలియకూడదని ఆయన చేసుకున్న ఏర్పాటు అది.

ఒకరోజు నేను స్టూడియోలో ఉండగా ఆయన రెండు చిన్న డబ్బాలు పట్టుకుని వచ్చారు.

"రెండూ రంగుల ఫిలింలే," అన్నారు. "ఇది స్లైడు, ఇది నెగిటివ్. ఏది తీసినా కడగడానికి బొంబాయి పంపాలి. నాకు నెగిటివ్ నయమనిపిస్తోంది. ఒకసారి తీస్తే వంద కాపీలు వేయించి, ఊరూరా తిరిగే మా పనివాళ్లకి తలా ఒకటి ఇవ్వొచ్చు. మొదటి మచ్చ ఎలా ఉంటుందో వాళ్లు గుర్తుపడితే చాలు, వేళ్లు వంకర పోకముందే మందు మొదలుపెట్టగలం."

ఆయన మాటలో తప్పేమీ లేదు. నాకూ నెగిటివ్ అయితేనే బాగుండుననిపించింది. వంద కాపీల్లో ఒకటి నాకు దొరుకుతుంది. మా ప్రాంతంలో ఈ జబ్బు గురించి పెద్ద వ్యాసం రాయాలని నేను అప్పటికే విషయాలు పోగుచేస్తున్నాను. ఫొటో ఉంటే ఆదివారం సంచికలో వేస్తామని పత్రిక వాళ్లు కబురు పంపారు.

పైడిరాజు గారు రెండు డబ్బాల మీద రాసిన అక్షరాలు చదివి కింద పెట్టారు. "మీకు రంగు ముఖ్యమా, కాపీలు ముఖ్యమా?"

"రెండూ కావాలండి."

"రెండూ రావు. నెగిటివ్‌లో రంగంతా తిరగబడి ఉంటాది డాక్టరు గారూ. దాన్ని మళ్లీ సరిగ్గా తిప్పేవోడు బొంబాయిలో ఉన్నాడు. ఆడు ఈ మనిషిని సూడలేదు. మొకమ్మీద ఎరుపు ఎక్కువైందనుకుని ప్రింటులో కుసింత తగ్గించేస్తాడు. ఆడి మంచితనానికి మీ మచ్చ పోతాది. స్లైడు అలగ కాదు. కెమెరాలో ఏటి పడిందో అదే కంటికి అగుపిస్తాది. మధ్యలో ఇంకొకడి సెయ్యి పడదు."

"మరి తీయడంలో తప్పు జరిగితే?"

"తప్పే వస్తాది. దిద్దుకోడానికి ఉండదు."

"పారేసుకుంటే?"

"పోయినట్టే. ఒక్కటే ఉంటాది గదా."

డాక్టరు గారు స్లైడు డబ్బా ఆయన ముందుకి జరిపారు. పనివాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ప్రొజెక్టరు పెట్టి గోడమీద చూపిస్తానన్నారు. ఆయన వెళ్లాక నేను ఊరుకోలేదు. మరి నా సంగతేమిటని అడిగాను.

"నీకేటి లోటు? నీకు పెన్నున్నాది," అన్నారు పైడిరాజు గారు.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఖాళీ కెమెరాతో సాధన చేశారు. మామూలు నెగిటివ్‌లో వెలుగు ఒక పాలు ఎక్కువైనా తక్కువైనా చీకటి గదిలో సర్దుకోవచ్చు. స్లైడులో ఆ వెసులుబాటు లేదు. వెలుగు కొంచెం ఎక్కువ పడితే మొహం తెల్లగా పాలిపోతుంది, తగ్గితే మచ్చ నీడలో కలిసిపోతుంది. కళింగపట్నంలో ఇసుక తెలుపు, నీళ్లు తెలుపు, వాటి మధ్య మనుషుల ఒళ్లు నలుపు. అందుకని ఆయన ముందుగానే బస్సెక్కి వెళ్లి, ఆ గిడ్డంగి పడమటి గోడ నీడ ఏ వేళకి ఎంత పొడుగుంటుందో కాళ్లతో కొలుచుకుని వచ్చారు. నేను రాసే వార్తకి అంత ముందస్తు పని ఎప్పుడూ చేయలేదు. పంపేశాక తప్పు దొరికితే మర్నాడు సవరణ వేయొచ్చులే అనుకునే రోజులవి.

ఆ రోజు ఫొటోలు దిగిన ఆవిడని పోలమ్మ అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు. నలభై ఏళ్లుంటాయి. మొగుడూ కొడుకూ వేటకి పోతారు, ఈవిడ నెత్తళ్లూ ఇతర చేపలూ ఎండబెట్టి వారం వారం నరసన్నపేట సంతకి తెచ్చి అమ్ముతుంది. ఎడమ చెంప మీద, చెవికి దగ్గరగా, రూపాయి బిళ్లకన్నా పెద్ద మచ్చ. మోచేతి దగ్గర ఇంకొకటి. చెంప మీది మచ్చని పైట చెంగుతో కప్పుకునేది. ఇంట్లో గజ్జి అని చెప్పిందట. డాక్టరు గారు ఆవిడ్ని కళ్లు మూసుకోమని, దూదితో మచ్చ మీద తాకి, తగిలినప్పుడు చెప్పమన్నారు. ఆవిడ ఎంతసేపటికీ చెప్పలేదు. "ఎట్టావా, ఎట్టలేదా బాబూ? బేగి ఎట్టు, నాను ఎల్లాల," అంది. అప్పటికి ఆయన ఆరుసార్లు తాకారు.

ఫొటోల సంగతి చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది.

"బొమ్మ తీసి ఏటి సేస్తారు?"

"మిగతా ఊళ్లలో మా పనివాళ్లకి చూపిస్తామమ్మా. వాళ్లు చూసి జబ్బు గుర్తుపడతారు," అన్నారు డాక్టరు గారు.

"ఏ ఊళ్లలో? పేటలోనా?"

ఆయన తడుముకున్నారు. ఆవిడ చెంగు మళ్లీ చెంప మీదకి లాక్కుంది. "పేటలో ఒక్కరు సూస్తే సాలు. నా సేతి సేప ఎవులు కొంటారు? కోడలు బిడ్డని నా ఒళ్లో ఎడతాదా? మందు ఎయ్యి, మింగుతాను. బొమ్మ ఒద్దు."

పైడిరాజు గారు ఆవిడ ఎదురుగా ఇసుకలో గొంతుక్కూర్చున్నారు. "అమ్మా, పెళ్లిళ్లకి తీసే బొమ్మలకి నా కొట్లో ఒక తల్లి ఉంటాది. దానికి ఎన్ని కావాలంటే అన్ని పుడతాయి. ఇది అలాటిది కాదు. దీనికి తల్లి లేదు. ఒక నొక్కు నొక్కితే ఒక్క బొమ్మ. నా కొట్లో ఏటీ మిగలదు. నొక్కినప్పుడు సప్పుడవుతాది, నువ్వు లెక్కెట్టుకో."

"ఎన్ని?"

"ఐదు."

"మూడు సాలవా?"

"ఇది సేపల సంతేటి, బేరాలాడతన్నావు?"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, "జబ్బు పోయినాక నా ఐదు నాకిచ్చెయ్యాల," అంది. పైడిరాజు గారు డాక్టరు గారి వైపు చూశారు. ఇస్తామని ఆయన అన్నారు. "నువ్వు కూడా సెప్పు," అని పైడిరాజు గారిని అడిగింది. ఆయన కూడా చెప్పారు.

గోడ నీడలో ఆవిడ్ని నిలబెట్టి తీశారు. ఒక్కొక్క చప్పుడికీ ఆవిడ పైకే లెక్కపెట్టి ఒక వేలు ముడిచింది. నాలుగు అయ్యాక మబ్బు పట్టింది. పైడిరాజు గారు కెమెరా దించి ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు ఆగారు. ఆవిడ నాలుగు వేళ్లూ ముడుచుకుని, బొటనవేలు చాపి అలాగే నిలబడింది. మబ్బు పలచబడ్డాక పడిన ఐదో చప్పుడికి అదీ ముడిచి చెంగు సర్దుకుంది.

స్లైడు ఫిలిం వేసింది వేరే కెమెరాలో. స్టూడియో రోల్ కెమెరా సంచితో పాటు నా దగ్గరే ఉంది, మోయమని ఇచ్చారు. ఒడ్డున బోర్లించిన పడవ పక్కకి నేను ముందే జరిగాను. ఆవిడ గంప ఎత్తుకోవడానికి వంగి లేచేటప్పుడు చెంగు జారింది. నేను నొక్కాను. ఆ కెమెరా చప్పుడు చాలా చిన్నది. కానీ ఆవిడ అప్పటిదాకా ఆ చప్పుడు కోసమే చెవులు పెట్టి ఉంది.

ఆవిడ నా వైపు తిరిగి, "ఆరు," అంది.

తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. శ్రీకూర్మం అడ్డరోడ్డు దాటాక అడిగాను. "ఫిలిం అంతా పాడుచేయడం ఎందుకు మావా? కడిగాక ఆ ఒక్క ముక్కా కత్తిరించి పారేస్తే సరిపోయేది. హైస్కూలువి దక్కేవి."

"కడిగితే సూడాల. బొమ్మ బాగుందనుకో, సెయ్యి కత్తిరించదు. నీ సెయ్యే కాదు, నాదీ కత్తిరించదు," అన్నారు. "కత్తిరించానే అనుకో. ఆవిడకెలగ తెలుస్తాది? నా మాట నమ్ముకుని కూకోవాల. ఎండలో లాగితే తన కంటితో సూసింది," అన్నారు.

నేను వ్యాసం ఎందుకు అవసరమో చెప్పాను. ఫొటో లేకపోతే ఎవరూ చదవరని, చదివితే పదిమంది ముందుగా మందుకి వస్తారని వాదించాను. ఆయన కాదనలేదు. కిటికీ వైపు తిరిగి, తను చీపురుపల్లి ఎందుకు వదిలి వచ్చారో చెప్పారు.

ఆయన మొదటి స్టూడియో చీపురుపల్లి స్టేషను దగ్గర ఉండేది. ఆ చుట్టుపక్కల ఒక జూట్ మిల్లు కూలీలు సంఘం పెట్టుకుని, ఆ రోజు జ్ఞాపకంగా గుంపు ఫొటో దిగారు. మూడు వరసలు. ఆయనకి అప్పట్లో ఒక అలవాటు. గుంపు ఫొటో ఏది తీసినా ఎడమనుంచి కుడికి అందరి పేర్లూ అడిగి కవరు మీద అందంగా రాసేవారు. అందుకు ఆయనకి మంచి పేరుండేది. కొన్నాళ్లకి మిల్లు ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కూలీల ఫొటో చాలా బాగా వచ్చిందట, ఆఫీసులో తగిలిస్తాం, పెద్దది ఒకటి వేసివ్వమన్నాడు. తన పని మిల్లు ఆఫీసు గోడకెక్కుతుందని ఈయన మురిసిపోయి, పెద్ద సైజులో వేసి, కింద అట్టమీద పేర్లు కూడా వరసగా రాసి ఇచ్చారు. మూడు వారాల తర్వాత ముందు వరసలో కూర్చున్న వాళ్లలో ఒక్కడికీ మిల్లులో పని లేదు.

"ఆళ్లు నన్నేటీ అనలేదు. నానే ఇచ్చానని ఆళ్లకి తెల్దు," అన్నారు. "ఒకడు ఊరు ఒదిలి పోతా పోతా నా కొట్టుకొచ్చాడు. పెళ్లాంతో ఒక బొమ్మ దిగాడు. దాని కవరు మీద పేరు రాయబోతే నాకు సెయ్యి ఆడలేదు."

నరసన్నపేట అరల్లో అంకెలే ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. డాక్టరు గారికి స్లైడు ఎందుకు మంచిదో ఆయన చెప్పిన కారణం ఒకటి, చెప్పని కారణం ఇంకొకటి. నేను అది అడిగాను. రంగుల సంగతి సాకుగా చెప్పారా అని.

"సాకేటి? అదీ నిజమే," అన్నారు. "రెండు నిజాలున్నప్పుడు అవతలోడికి పనికొచ్చేది సెప్పాల."

మర్నాడు ఆయన హైస్కూలుకి వెళ్లి, ఫిలిం ఎండకి పోయిందని, తన చేతిలోనే పోయిందని హెడ్మాస్టరు గారికి చెప్పారు. నా పేరు ఎత్తలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, "అయితే ఇప్పుడేం చేద్దామంటారు పైడిరాజు గారూ? పెద్దల్ని మళ్లీ పిలిచి, రిబ్బను మళ్లీ కట్టమంటారా?" అన్నారు. ఈయన తల వంచుకుని విన్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఆ స్కూలు గ్రూపు ఫొటోల పని శ్రీకాకుళం స్టూడియోకి వెళ్లింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నా దగ్గర తేలేదు. నా వ్యాసం ఫొటో లేకుండా లోపలి పేజీలో పడింది. చదివి ఎంతమంది మందుకి వెళ్లారో నాకు తెలియదు.

స్లైడులు బొంబాయి నుంచి రావడానికి నెల దాటింది. చదరం అట్టముక్కల మధ్య బిగించి ఉన్నాయి. పైడిరాజు గారు ఒక్కొక్కటే కిటికీ వెలుగుకి పట్టి చూసి నాకు అందించారు. నేను స్లైడు చూడటం అదే మొదటిసారి. నలుపూ తెలుపూ బొమ్మల్లో పోలమ్మలాంటి మనిషి మొహమంతా ఒకే రంగుగా, మసిగా ఉండేది. ఇందులో చెంప చెంపలా ఉంది, చెమట మెరుస్తోంది, మచ్చ అంచు పాత రాగి చెంబు రంగులో ఉబ్బి స్పష్టంగా తెలుస్తోంది. ఐదోది అన్నిటికన్నా బాగా వచ్చింది. మబ్బు వల్ల నీడలు మెత్తబడ్డాయి. ఆవిడ కళ్లు నేరుగా కెమెరాలోకి చూస్తున్నాయి. "ఇలాటిది నాను మళ్లీ తియ్యలేను," అన్నారాయన. వెంటనే అన్నీ పొట్లం కట్టి, సంతకం పెట్టించుకుని డాక్టరు గారికి అప్పగించారు. తన దగ్గర ఒకటి ఉంచుకోవాలని ఆయనకి అనిపించిందేమో నేను అడగలేదు. ఐదోదాన్ని ఆయన పొట్లంలో అన్నిటికన్నా చివర పెట్టడం మాత్రం చూశాను.

ఫొటోలు తీసి రెండేళ్లు నిండకముందే డాక్టరు గారికి వేరే జిల్లాకి బదిలీ అయింది. పోలమ్మ చెంప మీద మచ్చ అప్పటికి దాదాపుగా మాయమైంది, అక్కడ ఏదో ఉండేదని తెలిసినవాళ్లు వెతికితే తప్ప కనపడదు. పైడిరాజు గారు డాక్టరు గారికి ఉత్తరం రాశారు. జవాబుతో పాటు రిజిస్టరు పోస్టులో నాలుగు స్లైడులు వచ్చాయి. ఐదోదాన్ని శిక్షణ తరగతుల కోసం ఒక అధ్యాపకుడు తీసుకెళ్లాడని, అతను ఇంకెవరికో ఇచ్చాడని, తిరిగి రాలేదని, అందుకు చాలా బాధపడుతున్నానని డాక్టరు గారు దాచకుండా రాశారు.

మేమిద్దరం కళింగపట్నం వెళ్లాం. వెళ్లేముందు నేను ఒక సలహా ఇచ్చాను. ఐదోది బొంబాయిలోనే పాడైపోయిందని చెబితే ఆవిడకి మనశ్శాంతిగా ఉంటుందన్నాను. ఆయన నా వైపు చూసి, "నువ్వు పేపర్లో ఇలాగే రాస్తావేటి?" అన్నారు.

పోలమ్మ ఇసుకలో వలమీద చేపలు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి పడవల వెనక్కి నడిచింది. పైడిరాజు గారు నాలుగూ చేతిలో పెట్టి, ఎండకి ఎలా పట్టి చూడాలో చూపించారు. ఆవిడ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఈ సీర సినిగిపోనాది. ఇందులో సూడు, కొత్తగా ఉన్నాది," అంది. తర్వాత లెక్కపెట్టింది. "ఐదోది?"

"నా దగ్గర లేదమ్మా. డాక్టరుగారి దగ్గరా లేదు. పాఠం సెప్పడానికి ఎవులో పట్టుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. ఏ ఊళ్లో ఉందో తెల్దు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. "పేటలో లేదు గదా?"

"పేటలో లేదు. అది నాను వాకబు సేశాను."

"అయితే ఎతుకు," అంది. "నాను ఐదు ఇచ్చాను."

ఆవిడ మూడు స్లైడులు చేపలకి పొగపెట్టే పొయ్యిలో వేసింది. నాలుగోది వేయలేదు. మళ్లీ ఎండకి పట్టి చూసి, "నా మొకం నానెప్పుడు సూసుకున్నాను బాబూ ఇంత బాగా," అని వక్కల సంచిలో దాచుకుంది. ఇంట్లో చూస్తే ఏం చెబుతావని నేను అడిగాను. "ఒడ్డున దొరికిన బిళ్లనుకుంటారు. ఎండకెట్టి సూడాలని ఆళ్లకేటి తెలుసు," అంది.

పైడిరాజు గారు వెతికారు. నాకు తెలిసి పది పన్నెండేళ్లు. అచ్చ తెలుగులో, తప్పుల్లేకుండా, చక్కటి దస్తూరీతో, శిక్షణ కేంద్రాలకీ ఆసుపత్రులకీ ఉత్తరాలు రాసేవారు. సగానికి జవాబులు రాలేదు. వచ్చిన వాటిలో ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన పోయాక కొడుకులు స్టూడియో మూసేశారు. అరల్లో కవర్లన్నీ ఏంచేయాలని నన్ను అడిగారు. అంకెలకి అర్థం చెప్పే మనిషి లేడు కనక ఎవరివి ఎవరికీ ఇవ్వలేకపోయాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా పత్రికల్లో పనిచేశాను. ఎన్నో ఊళ్లలో ఎంతోమంది ఫొటోలు వేశాం, కొన్ని వేయకుండా ఆపాను. డెస్కులో నా దగ్గర పనిచేసిన కుర్రవాళ్లు నన్ను విసుక్కునేవారు. ఫొటోగ్రాఫరు బొమ్మలు తేగానే అవి ఎలా వచ్చాయని కాక, ఆ మనిషికి ఏం చెప్పి తీశావు, ఎన్ని తీశావు అని ముందు అడిగేవాణ్ని. వాళ్ల జవాబులు నాకు నచ్చని రోజులే ఎక్కువ. అలాగని నేను ప్రతిసారీ బొమ్మ ఆపలేదు. ఆపాల్సినవి వేసిన సందర్భాలు ఉన్నాయి, వాటి లెక్క నా దగ్గర ఉంది.

ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పని మీద విజయనగరం జిల్లాలో ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. వరండా గోడమీద పాత గోడపత్రిక ఒకటి ఉంది. కుష్ఠు తొలి మచ్చ ఎలా ఉంటుందో చెప్పేది. ఒక ఆడమనిషి మొహం, కళ్ల మీద నల్ల పట్టీ అచ్చువేశారు. ఎడమ చెంప, చెవికి దగ్గరగా మచ్చ. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అచ్చులో రంగులు చెదిరిపోయాయి. ఎరుపు ఉండాల్సిన చోట ఊదా ఉంది, చీర రంగు ఏదో తెలియడం లేదు. కళ్లు కనిపిస్తే చెప్పగలిగేవాణ్ని. అచ్చువేసిన వాళ్ల పేరు కింద చిరిగిపోయింది. అక్కడి గుమస్తా తను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అది ఉందన్నాడు.

అప్పటికి పోలమ్మ లేదు. ఆ గోడపత్రికతో పోల్చి చూడటానికి మిగిలింది ఒక్కటే, ఆవిడ వక్కల సంచిలోని స్లైడు. అది ఆ ఇంట్లో ఇంకా ఉంటే, కొడుకు దగ్గరో కోడలి దగ్గరో ఉంటుంది. నేను వెళ్లి అడిగితే అదేమిటో, ఎందుకు తీశారో చెప్పాలి. ఆవిడ బతికున్నన్నాళ్లూ వాళ్లకి చెప్పలేదు. నేను వెళ్లలేదు.

మరుసటి ఏడు ఆ కేంద్రానికి సున్నం వేశారు. గోడపత్రిక తీసేశారు. అందులో ఉన్నది ఆవిడో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.